ఆడలేని మోకాలితో పిల్లలకు ఆట నేర్పడం

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీకు 24 ఏళ్లు. ఫుట్‌బాల్‌లో సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం నడిమధ్యన ఆడారు. కుడి మోకాలిలో మృదులాస్థి దెబ్బతిని రెండేళ్లలో మూడు శస్త్రచికిత్సలు జరిగాయి, ఇక ఆడితే మామూలు నడక కూడా కష్టమవుతుందని వైద్యులు తేల్చి చెప్పారు. క్లబ్బువారు వచ్చే నెల నుంచే 12 ఏళ్లలోపు పిల్లల జట్టుకు సహాయ శిక్షకుడిగా రమ్మంటున్నారు. వెంటనే ఒప్పుకోవాలా, లైసెన్సు పూర్తిచేశాక వెళ్లాలా, పరుగెత్తలేని శిక్షకుణ్ని పిల్లలు లెక్కచేస్తారా, నిన్నటిదాకా ఆడిన మైదానం అంచున నిలబడటం భరించగలనా, "మళ్లీ ఎప్పుడు ఆడతారు?" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి అన్నవి మీ సందేహాలు. నేను కూడా మోకాలి కారణంగానే 26వ ఏట ఆట మానవలసి వచ్చింది. అప్పటి నుంచి 17 ఏళ్లుగా 9 నుంచి 16 ఏళ్ల పిల్లలకు నేర్పుతున్నాను, గత ఆరేళ్లుగా కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి పాఠాలు కూడా చెబుతున్నాను. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ పని ఒప్పుకోండి, కానీ వచ్చే నెల నుంచి కాదు. రెండు మూడు నెలల గడువు అడగండి. మిమ్మల్ని నిజంగా కోరుకునే క్లబ్బు ఆ మాత్రం ఆగుతుంది. ఎందుకంటే మీరు ఆట మానలేదు, మీ చేత మాన్పించారు. వయసు పైబడి తప్పుకునే ఆటగాడు చివరి సీజనంతా లోలోపల వీడ్కోలు చెప్పుకుంటూనే ఉంటాడు. మీకు అలాంటి వ్యవధి దొరకలేదు, ఒక గదిలో స్కాన్ బొమ్మ ముందు కూర్చున్న పది నిమిషాల్లో అంతా ముగిసిపోయింది. ఆ దుఃఖానికి కాస్త చోటివ్వకుండా మర్నాడే మెడలో విజిల్ వేసుకుంటే, పిల్లల జట్టు మీకు పనిచేసే చోటుగా కాక తలదాచుకునే చోటుగా మారుతుంది. నేను అలాగే చేశాను. మొదటి ఆరు నెలలు నా దగ్గరికి వచ్చిన పిల్లల పేర్లు ఈ రోజు తలచుకుంటే సగం కూడా గుర్తు రావు, ఎందుకంటే అప్పుడు నేను చూస్తున్నది వాళ్లను కాదు.

ఆ గడువులో చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. శస్త్రచికిత్స చేసిన వైద్యుడి నుంచి ఆట ఎందుకు మానాలో, ఇకపై ఏ కదలికలు చేయవచ్చో, ఏవి చేయకూడదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆటగాడి జీవితం మధ్యలో ముగిస్తే వచ్చే బీమా మీకు ఉన్నట్లయితే, ఆ పాలసీని తెలిసినవారితో చదివించుకొని, కొత్త ఉద్యోగం వల్ల గానీ ఏదైనా స్నేహపూర్వక మ్యాచ్‌లో ఆడటం వల్ల గానీ ఆ సొమ్ముకు ఇబ్బంది వస్తుందేమో తెలుసుకున్నాకే ఏ ఒప్పందంపైనైనా సంతకం పెట్టండి. ఇలాంటి విషయాల్లో ఆటగాళ్ల సంఘాలు అండగా నిలుస్తాయి. ఇంగ్లండ్‌లో 1907 నుంచి ఉన్న ఆటగాళ్ల సంఘం ఆట మానినవారి చదువుకూ, శిక్షక కోర్సులకూ కూడా సాయపడుతుంది. మీ దేశంలో అలాంటిది ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. ఫిజియోథెరపీని మాత్రం ఆటతో పాటు మానేయకండి. ఇంతకాలం దాన్ని తిరిగి ఆడటం కోసం చేశారు, ఇకపై రోజుకు మూడు గంటలు పచ్చికపై నిలబడటం కోసం చేయాలి.

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా, గాయంతో ఆట మాని శిక్షకులైన కొందరి పేర్లు వినిపిస్తాయి. జర్మనీకి చెందిన జూలియన్ నాగెల్స్‌మన్ మోకాలి గాయంతో 20 ఏళ్లకే ఆట మానేశాడు, 28 ఏళ్లకు హాఫెన్‌హైమ్ క్లబ్బు ప్రధాన శిక్షకుడయ్యాడు. బ్రెండన్ రోజర్స్ కూడా మోకాలి సమస్యతోనే 20వ ఏట ఆగిపోయి రెడింగ్ క్లబ్బులో కుర్రాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. బ్రయన్ క్లఫ్ 1962 డిసెంబర్ 26న మోకాలి లిగమెంట్ తెగిన తర్వాత సండర్లాండ్ క్లబ్బు కుర్రాళ్ల జట్టుతోనే శిక్షకుడిగా తొలి అడుగు వేశాడు. రయన్ మేసన్‌కు 2017 జనవరిలో మైదానంలో తలలు ఢీకొని పుర్రె చిట్లింది. ఏడాదికి పైగా తిరిగి ఆడాలని ప్రయత్నించి, 2018 ఫిబ్రవరిలో 26 ఏళ్లకు ఆట వదిలి, తాను పెరిగిన టోటెన్‌హామ్ క్లబ్బు అకాడమీలోనే శిక్షకుడిగా చేరాడు. 2021 ఏప్రిల్‌లో 29 ఏళ్ల వయసులో ఆ క్లబ్బు సీనియర్ జట్టును తాత్కాలికంగా నడిపాడు. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో అంత చిన్న వయసులో జట్టును నడిపినవారు అంతకు ముందు లేరు.

ఈ పేర్లు చూసి ధైర్యం తెచ్చుకోండి, కానీ వాటిని వాగ్దానంగా తీసుకోకండి. నన్ను అడిగితే వీళ్ల కథల్లో మీకు పనికొచ్చేది చివర దొరికిన పదవి కాదు, మధ్యలో గడిచిన కాలం. మేసన్ మూడేళ్లు కుర్రాళ్లతోనే పనిచేశాడు. నాగెల్స్‌మన్ విషయంలో జరిగింది ఇంకా గమనించదగ్గది. అతను గాయపడేనాటికి అతని క్లబ్బు ఆగ్స్‌బర్గ్ రెండో జట్టు శిక్షకుడు థామస్ టూహెల్, ఆయన కూడా మోకాలి గాయంతో 25 ఏళ్లకే ఆట మానినవాడే. ఆయన ఈ కుర్రాడికి మొదట అప్పగించింది నేర్పే పని కాదు, ప్రత్యర్థి జట్లను చూసి వచ్చి చెప్పే పని. అంటే నోరు తెరవడానికి ముందు కన్ను తెరుచుకుంది. మీరు అడిగే గడువులో వారానికి రెండు రోజులు అదే 12 ఏళ్లలోపు జట్టు శిక్షణ చూడటానికి వెళ్లండి. ఏమీ నేర్పవద్దు. ఒక నోటు పుస్తకం పట్టుకొని, రోజుకు ఒక్క పిల్లవాణ్ని ఎంచుకొని, గంటసేపు వాడినే చూడండి. బంతి వాడి కాలికి ఎన్నిసార్లు తగిలింది, ఎంతసేపు వరుసలో నిలబడ్డాడు, ఎవరు పిలిస్తే పలికాడు అన్నది రాసుకోండి. మైదానం అంచున నిలబడటం భరించగలనా అని అడిగారు కదా, అక్కడ ఒక పని ఉన్నప్పుడు నిలబడటం తేలికవుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మంచి ఆటగాడిగా మీకు తెలిసినదంతా మీ కాళ్లకు తెలుసు, మీ నోటికి ఇంకా తెలియదు. ఒడుపు పట్టుబడిన మనిషికి ఆ ఒడుపు ఎలా వచ్చిందో గుర్తుండదు. అందుకే పెద్ద ఆటగాళ్లు చాలామంది పిల్లల ముందు నిలబడి "ఇలా కొట్టు" అని తాము కొట్టి చూపిస్తారు తప్ప, ఇలా అంటే ఏమిటో చెప్పలేరు. నా మొదటి వారంలోనే పిల్లలు చూస్తుండగా 40 గజాల దూరానికి గాల్లోంచి ఒక పాస్ కొట్టాను. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి మోకాలు వాచి మెట్లు ఎక్కలేకపోయాను. మర్నాడు వచ్చి చూస్తే పదకొండేళ్ల పిల్లలందరూ బంతిని 40 గజాలు కొట్టాలని నడుములు విరుచుకుంటున్నారు, పక్కనే ఐదు గజాల్లో ఖాళీగా ఉన్న తోటివాణ్ని ఒక్కరూ చూడటం లేదు. నా కాలు వాళ్లకు నేర్పింది అదే.

దాని తర్వాత జరిగినది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను శిక్షకుణ్ని అయింది అప్పుడే అనుకుంటాను. బంతిని అందుకుంటూనే సగం తిరిగి ముందుకు సాగడం మిడ్‌ఫీల్డర్‌గా మీకు ఊపిరి తీసుకున్నంత సహజం, నాకూ అంతే. ఒక పిల్లవాడికి అది ఎంతకూ రావడం లేదు. బంతి రాగానే వెనక్కి, ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేస్తున్నాడు. "తిరుగు, తిరుగు" అని నేను అరుస్తున్నాను. అరిచిన కొద్దీ వాడు బిగుసుకుపోతున్నాడు. ఆ రాత్రి నా పాత మ్యాచ్‌ల రికార్డింగులు పెట్టుకొని నన్ను నేనే చూసుకున్నాను. బంతి నా వైపు బయలుదేరక ముందే ఒకసారి, దారిలో ఉండగా ఇంకోసారి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాను. పదేళ్లు ఆడినా, నేను ఆ పని చేస్తున్నట్లు నాకే తెలియదు. పిల్లవాడికి లోపించినది తిరగడం కాదు, చూడటం. వెనక ఎవరున్నారో తెలియనివాడు తిరగకపోవడమే తెలివైన పని, వాడు సరిగ్గానే చేస్తున్నాడు. మర్నాడు బంతి అందుకునేవాడి వెనక ఇంకో పిల్లవాణ్ని నిలబెట్టి, బంతి దారిలో ఉండగా చేతి వేళ్లు ఎత్తమన్నాను. అందుకునేవాడు బంతిని తాకకముందే ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదట్లో అంకెలు తప్పాయి, బంతులూ తప్పాయి. వారం తిరిగేసరికి అంకె చెప్పడం కోసం తల తిరగసాగింది, తల తిరిగాక ఒళ్లు దానంతటదే తిరిగింది. ఆ తర్వాత వేళ్ల బదులు నిజమైన డిఫెండర్‌ను పెట్టాం. ఈ పని మొత్తంలో నేను బంతిని ఒక్కసారి కూడా తాకలేదు.

కాబట్టి పరుగెత్తలేకపోవడం గురించి మీరు పడుతున్న బెంగను నేను వేరేగా చూస్తాను. చేసి చూపించగల శిక్షకుడికి ఆలోచించకుండా తప్పించుకునే దారి ఒకటి ఎప్పుడూ ఉంటుంది, మీకు ఆ దారి మూసుకుపోయింది. చూపించవలసి వచ్చినప్పుడు ఒక పిల్లవాణ్ని పిలిచి నడక వేగంతో చేయించండి, మధ్యలో ఆపి "ఇప్పుడు నీ కుడి పక్కన ఎవరున్నారు?" అని అడగండి. పిల్లలకు తోటి పిల్లవాడు చేసింది చూస్తే తమకూ సాధ్యమనిపిస్తుంది. పెద్ద ఆటగాడు చేసింది చూస్తే ముచ్చట వేస్తుంది, అంతే. దగ్గరి నుంచి మెల్లగా బంతిని అందించడం వంటివి మీ వైద్యుడు సరేనంటే చేయండి. పిల్లల చిన్న ఆటల్లో మనిషి తక్కువయ్యాడని దిగడం మాత్రం ఎన్నడూ వద్దు. ఆట వేడిలో పాత అలవాటు కొద్దీ ఒక్కసారి చటుక్కున తిరుగుతారు, మోకాలికి ఆ ఒక్కటీ చాలు. గుండె జబ్బుతో గానీ తల గాయాలతో గానీ ఆట మానినవారికి జాగ్రత్తలు వేరుగా ఉంటాయి, వాటిని వారి వైద్యులే నిర్ణయించాలి.

పిల్లలు లెక్కచేస్తారా అంటే, మీరు ఆడిన ఆట పేరు మీద దొరికే గౌరవం మహా అయితే రెండు వారాలు నిలుస్తుంది. ఆపైన వాళ్లు చూసేది వేరు. పేరు పెట్టి పిలుస్తున్నారా, నిన్న చెప్పిన మాట ఇవాళ గుర్తుందా, బాగా ఆడేవాడికీ ఆడలేనివాడికీ ఒకే మాట చెబుతున్నారా, ఎక్కువసేపు ఆడనిస్తున్నారా లేక ఎక్కువసేపు మాట్లాడుతున్నారా అన్నదే వాళ్లకు కావాలి. ఇంకో మాట. మీ పైన ఉండే ప్రధాన శిక్షకుడు వృత్తి ఆటగాడిగా ఎన్నడూ ఆడి ఉండకపోవచ్చు. మనసులోనైనా ఆ మనిషిని తక్కువ చేయకండి. 12 ఏళ్ల పిల్లల విషయంలో ఆయనకు తెలిసినది మీకు ఇంకా తెలియదు. నాకు ఈ పని నేర్పిన వ్యక్తి ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, కాలితో బంతిని పట్టుమని పదిసార్లు ఎగరేయలేడు.

లైసెన్సు విషయంలో నా సలహా ఏమిటంటే, పనీ చదువూ పక్కపక్కనే సాగనివ్వండి. ఐరోపాలో సీ, బీ, ఏ, ప్రో అనే మెట్లు ఉంటాయి, ఆసియాలో వాటి కింద డీ అనే మెట్టు కూడా ఉంది. మొదటి మెట్టులో చేరి, నేర్చుకున్నది ఆ వారమే పిల్లల దగ్గర చేసి చూసుకుంటే తప్ప ఆ పాఠాలు ఒంటబట్టవు. వృత్తి ఆటగాళ్లకు కొన్ని చోట్ల దగ్గరి దారులు ఇస్తారు. మొదటి మెట్టును దాటవేసే అవకాశం వచ్చినా తీసుకోకండి, ఎందుకంటే పిల్లల గురించి చెప్పేది ఎక్కువగా అక్కడే. పిల్లల రక్షణకు సంబంధించిన శిక్షణనూ, మీ పూర్వాపరాల తనిఖీనీ ఎవరూ అడగకపోయినా మీరే అడిగి పూర్తిచేయించుకోండి. పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకపోవడం, తల్లిదండ్రులకు తెలియకుండా వాళ్లతో సందేశాలు నడపకపోవడం వంటివి మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. ప్రథమ చికిత్స కోర్సు విషయంలో నేను ఇంకా పట్టుదలగా చెబుతాను. 2012 మార్చిలో ఫాబ్రిస్ ముయాంబా అనే ఆటగాడు మైదానంలో కుప్పకూలినప్పుడు ఆయన గుండె 78 నిమిషాల పాటు దానంతటది కొట్టుకోలేదు. వెంటనే మొదలైన ఛాతీ ఒత్తిడీ, డీఫిబ్రిలేటర్ (గుండెకు విద్యుత్ షాకు ఇచ్చే యంత్రం) షాకులూ కలిసి ఆయనను బతికించాయి. అదే ఏడాది ఆగస్టులో, మీ వయసులోనే, ఆయన ఆట మానేశాడు. 2021 జూన్‌లో మైదానంలోనే కుప్పకూలిన డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ప్రాణం నిలిచింది కూడా ఇలాగే. మీ మైదానంలో డీఫిబ్రిలేటర్ ఎక్కడ ఉంది, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నది మొదటి శిక్షణకు ముందే తెలుసుకోండి.

పిల్లల శరీరాల గురించి కొంత చదవక తప్పదు. మీ జట్టులో ఒకే వయసు పిల్లల మధ్య ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా కనిపిస్తుంది. ఆడపిల్లలు సాధారణంగా 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలు 14 ఏళ్ల ప్రాంతంలో అన్నిటికన్నా వేగంగా పొడుగెదుగుతారు. ఆ నెలల్లో నిన్నటి దాకా చక్కగా ఆడిన పిల్లలు తమ కాళ్లు తమవి కానట్లు తడబడతారు. పిల్లల వయసు లెక్కకు తీసుకునే ఎంపిక సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవారు అకాడమీల్లో ఎక్కువగా కనిపించడం, చివర పుట్టిన చిన్నవాళ్లు జారిపోవడం చాలా దేశాల్లో గమనించిన విషయం. మీ దగ్గర ఉన్న అందరికన్నా పొట్టి పిల్లవాడి పుట్టిన తేదీ ఒకసారి చూడండి. హెడింగ్ (తలతో బంతిని కొట్టడం) విషయంలో మీకు చిన్నప్పుడు నేర్పినట్లు నేర్పవద్దు. అమెరికా సమాఖ్య 2015లోనే 10 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు దాన్ని ఆపేసింది, ఇంగ్లండ్ సంఘం 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణ నుంచి తీసేయమంది. మీ సంఘం నియమం ఏమిటో కనుక్కొని అక్షరాలా పాటించండి.

వీటన్నిటికన్నా మీకు కష్టమైనది ఒకటి వస్తుంది. ఏదో ఒక సాయంత్రం ఒక పిల్లవాడు వచ్చి "సార్, మోకాలు నొప్పి" అంటాడు. ఆ మాట వినగానే మీ ఒంట్లో ఏదో జరుగుతుంది. ఆట మానవలసి వచ్చినవాళ్లలో కొందరు "ఇంతకన్నా పెద్ద నొప్పితో నేను ఆడాను" అంటారు, కొందరు నాలాగా హడలిపోతారు. నా దగ్గర 13 ఏళ్ల పిల్లవాడికి మోకాలి చిప్ప కింద, ఎముకపై ఉబ్బెత్తుగా ఉండే చోట నొప్పి వచ్చింది. ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు దాన్ని. వేగంగా ఎదిగే వయసులో తొడ కండరం లాగుడుకు ఆ చోటు ఒరుసుకుపోవడం వల్ల వస్తుంది, చాలామందిలో ఎదుగుదల ముగిసేసరికి తగ్గిపోతుంది. మడమలో వచ్చే సెవర్స్ అనే నొప్పి కూడా ఇలాంటిదే. దూకడం, పరుగు తగ్గించి, నొప్పిని బట్టి ఆడనివ్వవచ్చని ఫిజియో స్పష్టంగా చెప్పారు. నేను వినలేదు. నాలుగు వారాలు వాణ్ని బంతి ముట్టనివ్వలేదు. నా కళ్లకు వాడి మోకాలు కనిపించలేదు, నా మోకాలే కనిపించింది. తిరిగి వచ్చాక వాడు ఎక్కడ నొప్పి పుట్టినా నాకు చెప్పడం మానేశాడు. చెబితే ఆట పోతుందని వాడికి నేనే నేర్పాను. రెండు నెలల తర్వాత వాళ్ల అమ్మగారు చెబితే గానీ వాడు తొడ పట్టేసినా దాచి ఆడుతున్నాడని నాకు తెలియలేదు. అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే. నొప్పి అన్న పిల్లవాణ్ని ఆ పూటకు ఆపుతాను, చెప్పినందుకు మెచ్చుకుంటాను, తల్లిదండ్రులకూ ఫిజియోకూ అదే రోజు తెలియజేస్తాను, పుస్తకంలో తేదీ వేసి రాస్తాను. వాడు ఎప్పుడు తిరిగి ఆడాలన్నది నిర్ణయించే పని నాది కాదు, ఆ నిర్ణయాన్ని పొడిగించడమూ తగ్గించడమూ కూడా నాది కాదు. మీ మోకాలి కథను పిల్లలకు జాగ్రత్త చెప్పడానికి వాడవద్దు. నొప్పి వస్తే ఆట పోతుందన్న భయం తప్ప వాళ్లకు అందులోంచి ఇంకేమీ అందదు.

చెడ్డ రోజులు వస్తాయి. మ్యాచ్ రోజు ఉదయం కాళ్లు వాటంతటవే బూట్ల కోసం వెతుకుతాయి. మీతో ఆడినవాడు టీవీలో కనిపిస్తాడు. నాలుగేళ్లు మీ చేతుల్లో పెరిగిన కుర్రాడు తొలి ఒప్పందంపై సంతకం పెట్టిన రోజున సంతోషంతో పాటు అసూయ లాంటిది కూడా కలుగుతుంది, దానికి సిగ్గుపడి దాచుకోకండి. ఆటగాళ్ల మనసు తెలిసిన సైకాలజిస్టు ఒకరితో ఇప్పటి నుంచే మాట్లాడుతూ ఉండండి, కూలిపోయే వరకు ఆగవద్దు. నిద్ర వారాల తరబడి పట్టకపోయినా, బతకడంలో అర్థం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు వైద్యుణ్ని కలవండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మోకాలికి మూడుసార్లు వైద్యం చేయించుకున్నారు, మనసుకు కూడా అంతే శ్రద్ధగా చేయించుకోండి.

చివరిగా, "మళ్లీ ఎప్పుడు ఆడతారు?" అన్న ప్రశ్న. మొదటి రోజే అడుగుతారు, అందుకని జవాబు ముందే అనుకొని వెళ్లండి, ఇంట్లో నాలుగుసార్లు పైకి అని చూసుకోండి. "చూద్దాం" అనవద్దు, ఎందుకంటే పిల్లలు దాన్ని నమ్మి ప్రతి వారం అడుగుతారు, ప్రతి వారం మీరు లోపల తరుక్కుపోతారు. నేను మొదట్లో "చూద్దాం" అనే చెప్పాను. మూడో నెలలో ఒక పాప నా సంచిలో బూట్లు లేవని గమనించి, "మీరు ఆడరు కదా" అని మెల్లగా అంది. నేను అవునన్నాను. "మరి మాకు నేర్పుతారా?" అని అడిగింది. నేర్పుతానన్నాను. మీరు ఆ మాట మొదటి రోజే చెప్పేయండి: "నా మోకాలు పాడైంది, డాక్టర్లు ఆడవద్దన్నారు, అందుకని నేను ఇక ఆడను, మీతో ఉంటాను." ఒకరిద్దరు మోకాలిపై గాటు చూపించమంటారు. చూపించండి. ఆ తర్వాత బంతులు పంచండి.